జన్యువు దొరికింది సరే, నేరం రుజువైందా?

ఈమధ్య యోని స్వాబ్ పరీక్షల రిపోర్టులు బాగా పొడవయ్యాయి. ఒకప్పుడు ఫలానా క్రిమి ఉందా లేదా అని ఒక్క ముక్కలో తేల్చేవాళ్లు. ఇప్పుడు స్వాబ్‌లో దొరికిన డీఎన్ఏ అంతా చదవడం వీలవుతోంది కాబట్టి, బ్యాక్టీరియా పేర్ల పక్కనే వాటిలోని విషపు జన్యువుల గురించి కూడా రాస్తున్నారు. మైక్రోబయాలజీ చదువుకున్న పాపానికి ఇలాంటివి నా ఫోన్‌కి వస్తూ ఉంటాయి. "చదివి చెప్పవే, ఇది డేంజరా?" అని కింద ఒక లైను. పంపినవాళ్ల టెన్షన్ ఆ లైన్లోనే తెలిసిపోతుంది.

సూటిగా జవాబు చెప్పాలంటే నాకు ఇబ్బందే. జన్యువు అబద్ధం కాదు. అది చేయగల పని కూడా అబద్ధం కాదు. కానీ "ఈ జన్యువు వ్యాధిని కలిగిస్తుంది" అనే వాక్యం, ముఖ్యంగా స్త్రీల జననాంగాల ఇన్ఫెక్షన్ల విషయంలో, మనకున్న రుజువుల కంటే చాలా ముందుకు వెళ్లిపోయింది. ఆ జన్యువుకు పక్కన ఎవరున్నారు, అది ఎప్పుడు పనిచేస్తోంది, ఏ శరీరంలో ఉంది అనేవి తేలకుండా దానికి నేరస్థురాలని ముద్ర వేయడం తొందరపాటు.

నిజానికి రుజువుకు ఒక పద్ధతి ఉంది. స్టాన్లీ ఫాల్కో అనే శాస్త్రవేత్త 1988లో దాన్ని నియమాలుగా రాశాడు. ఫలానా జబ్బుకు ఫలానా క్రిమే కారణమని రుజువు చేయడానికి రాబర్ట్ కోక్ పెట్టిన పాత నియమాలు క్రిమికి సంబంధించినవైతే, ఇవి జన్యువుకు సంబంధించినవి. ఆ లక్షణం జబ్బు చేసే రకాల్లో కనిపించాలి. జన్యువును చెడగొడితే జబ్బు చేసే శక్తి తగ్గాలి. తిరిగి బాగుచేస్తే ఆ శక్తి తిరిగి రావాలి. చదవడానికి ఎంత తేలికో! చేయడానికి మాత్రం ఒక శరీరం కావాలి. ఎవరి శరీరం? అసలు చిక్కు అక్కడే వస్తుంది.

దీనికి పాత ఉదాహరణ ఒకటుంది. తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. 1955లో అమెరికాలోని హ్యూస్టన్‌లో హెర్మన్ గార్డ్‌నర్, చార్లెస్ డ్యూక్స్ అనే ఇద్దరు పరిశోధకులు, ఇప్పుడు మనం బ్యాక్టీరియల్ వజైనోసిస్ (బీవీ) అంటున్న సమస్యకు కారణం కనిపెట్టామని ప్రకటించారు. పలచటి డిశ్చార్జ్, చేపల వాసన, మైక్రోస్కోపులో చూస్తే బ్యాక్టీరియా అంటుకుని గరుకుగా కనిపించే కణాలు... వీటన్నిటికీ ఒకే క్రిమి కారణమన్నారు. దానికి ఇప్పుడున్న పేరు గార్డ్‌నెరెల్లా. రుజువు కోసం ఆరోగ్యంగా ఉన్న 13 మంది స్త్రీల యోనిలోకి ఆ క్రిమిని శుద్ధంగా పెంచి ఎక్కించారు. ఇవాళ ఏ ఎథిక్స్ కమిటీ ముందూ నిలబడని పని అది. 13 మందిలో జబ్బు వచ్చింది ఒక్కరికే. మరో 15 మందికి శుద్ధమైన క్రిమిని ఎక్కించలేదు. జబ్బు ఉన్న స్త్రీల నుంచి తీసిన స్రావాన్నే నేరుగా ఎక్కించారు. వాళ్లలో 11 మందికి వచ్చింది.

ఈ రెండు సంఖ్యలూ పక్కపక్కన పెట్టి చూడండి. క్రిమి ఒంటరిగా వెళితే దాదాపు ఏమీ జరగలేదు. గుంపుతో వెళితే ఎక్కువమంది జబ్బు పడ్డారు. అయినా అప్పటివాళ్లు దీన్ని ఒక క్రిమి కథగానే చెప్పుకున్నారు. ఇప్పుడు మనం ఒక జన్యువు కథగా చెప్పుకుంటున్నాం. పొరపాటు అదే, చూసే వస్తువు మాత్రం చిన్నదైంది.

గార్డ్‌నెరెల్లా జన్యువుల్లో రెండు రకాలు తరచూ చర్చకు వస్తాయి. ఒకటి వజైనోలైసిన్ అనే విషానిది. ఆ ప్రొటీన్ మన కణాల పైపొరలోని కొలెస్ట్రాల్‌ను ఆధారం చేసుకుని కణానికి రంధ్రాలు చేస్తుంది. రెండోది సియాలిడేజ్ అనే ఎంజైములది. యోనిని కాపాడే జిగురుపొరలో చక్కెర గొలుసులుంటాయి. వాటి చివర సియాలిక్ ఆమ్లం ఉంటుంది. ఈ ఎంజైము దాన్ని కత్తిరిస్తుంది. కత్తిరించినదాన్ని బ్యాక్టీరియా తినేస్తుంది, పొర పలచబడుతుంది. బీవీలో స్రావం నీళ్లలా మారడానికి ఇదొక కారణమని నమ్మడానికి మంచి ఆధారాలే ఉన్నాయి. నాకూ ఆ వాదన నచ్చుతుంది.

అయితే ఈ కథలో ఒక మలుపుంది. సియాలిడేజ్ జన్యువు మొదట దొరికినప్పుడు అందరూ దాన్నే పరీక్షిస్తూ పోయారు. కొన్ని రకాల్లో జన్యువు ఉన్నా ఎంజైము పని కనిపించలేదు. లెక్క కుదరలేదు. 2019 నాటికి తేలిందేమిటంటే, బయటికి కనిపించే పని చేసేవి ఆ మొదటి జన్యువు కాదు, నాన్‌హెచ్2, నాన్‌హెచ్3 అనే మరో రెండు. అదే సంవత్సరం ఇంకో గుట్టు కూడా బయటపడింది. గార్డ్‌నెరెల్లా వజైనాలిస్ అని ఇన్నాళ్లూ ఒకే పేరుతో పిలుస్తున్నది నిజానికి ఒక జాతి కాదు, చాలా జాతుల కలగాపులగం. వాటిలో కొన్నింటికి ఈ ఎంజైము ఉంది, కొన్నింటికి లేదు. అంటే పాత రిపోర్టుల్లో "గార్డ్‌నెరెల్లా పాజిటివ్" అని చూసి భయపడ్డవాళ్లలో కొందరు, పెద్దగా హాని చేయలేని చుట్టాన్ని చూసి భయపడి ఉండొచ్చు. జన్యువులు చదవడం వల్ల మేలు జరిగిన చోటు ఇది, ఒప్పుకోవాల్సిందే. పేరు దాచిన తేడాను జన్యువు బయటపెట్టింది. కానీ తప్పు జన్యువు మీద అంతకాలం గురిపెట్టిన సంగతి కూడా అక్కడే ఉంది.

ఇక ఎలుకల సంగతి. వజైనోలైసిన్ మన కణాన్ని పట్టుకోవడానికి సీడీ59 అనే మనిషి ప్రొటీన్ మీద ఆధారపడుతుంది. ఎలుకల సీడీ59 దానికి పనికిరాదు. కాబట్టి మామూలు ఎలుకలో ఈ విషం ఎంత ముఖ్యమో కొలవాలని చూడటమే వృథా. లైంగికంగా సోకే గొనోరియా క్రిమిది ఇంకా ఘోరం. ఇనుము కోసం మనిషి ట్రాన్స్‌ఫెరిన్ (రక్తంలో ఇనుమును మోసే ప్రొటీన్), అంటుకోవడానికి మనిషి కణాల మీది ప్రొటీన్లు... దాని సరంజామా అంతా మనిషికి సరిపడేలా తయారైంది. ఎలుకకు గొనోరియా తెప్పించాలంటే ముందు ఈస్ట్రోజెన్ హార్మోన్ ఇవ్వాలి, యాంటీబయాటిక్స్ ఇవ్వాలి. అన్నీ చేసినా ఇన్ఫెక్షన్ కొద్ది రోజులే నిలుస్తుంది.

అందుకే గొనోరియాలో మనుషుల మీదే ప్రయోగాలు చేశారు. ఒప్పుకున్న వాలంటీర్ల మూత్రనాళంలోకి క్రిమిని ఎక్కించి, లక్షణాలు మొదలవగానే మందు ఇచ్చి నయం చేస్తారు. ఫాల్కో నియమాలను నిజంగా మనిషిలో పరీక్షించిన అరుదైన సందర్భాలివి. ఫలితాలు ఆసక్తిగా ఉన్నాయి. 1998లో వచ్చిన ప్రయోగంలో, ట్రాన్స్‌ఫెరిన్ నుంచి ఇనుము లాక్కునే జన్యువు లేని రకం ఇన్ఫెక్షన్ కలిగించలేకపోయింది. ఆ జన్యువు మీద ఆరోపణ నిలబడింది. మరుసటి ఏడాది మన శ్లేష్మంలోని ఐజీఏ యాంటీబాడీని కోసే ఎంజైము వంతు వచ్చింది. పాఠ్యపుస్తకాల్లో ఏళ్లుగా దుష్టపాత్ర దానిది. ఆ జన్యువు తీసేసిన రకం ఏమీ తగ్గకుండా హాయిగా ఇన్ఫెక్షన్ కలిగించింది.

అయితే ఆ ఎంజైము నిర్దోషి అనేయొచ్చా? అనలేం. వాలంటీర్లంతా పురుషులు. స్త్రీలలో ఈ ప్రయోగం చేయరు, చేయకూడదు కూడా. క్రిమి గర్భాశయ ముఖం దాటి పైకెక్కితే ఫాలోపియన్ నాళాలు దెబ్బతిని, పిల్లలు పుట్టకుండా పోయే ప్రమాదం ఉంది. ఆ నిర్ణయం న్యాయమైనదే. కానీ దాని ఫలితం చూడండి. గొనోరియా వల్ల ఎక్కువ నష్టపోయేది స్త్రీ. ఏ జన్యువు నష్టం చేస్తుందన్న అసలైన రుజువు ఉన్నది మగవాడి మూత్రనాళంలో, అదీ మొదటి కొద్ది రోజులకు. అక్కడ అవసరం లేని జన్యువు నాళాల్లో అవసరం కావచ్చు. ఈ తేడాను చిన్న అక్షరాల్లోనైనా రాయకుండా "గొనోరియా విషపు జన్యువులు" అని పట్టికలు వేసేవాళ్లతో నాకు పేచీ ఉంది.

స్త్రీల వైపు నుంచి ఉన్న ఆధారం ఎక్కువగా ఆపరేషన్లలో తీసిన ఫాలోపియన్ నాళాల ముక్కల నుంచి వచ్చింది. ఆ ముక్కలను ల్యాబ్‌లో బతికించి గొనోరియా క్రిమిని వదిలారు. నాళం లోపలి గోడలో అండాన్ని ముందుకు నెట్టే సన్నని కేశాలున్న కణాలుంటాయి, కేశాలు లేనివీ ఉంటాయి. క్రిమి చొరబడేది కేశాలు లేని కణాల్లోకి. చచ్చి ఊడిపోయేవి మాత్రం కేశాలున్న కణాలు! తాకనివాళ్లు ఎలా చస్తున్నారు? క్రిమి తన గోడను కట్టుకుంటూ కూల్చుకుంటూ పెరిగేటప్పుడు రాలే పెప్టిడోగ్లైకాన్ తునకలు అందులో ఒక కారణం. కొన్ని ఇతర బ్యాక్టీరియా ఆ తునకలను చాలావరకు లోపలికి తీసుకుని తిరిగి వాడుకుంటాయి. గొనోరియా క్రిమి ఆ పనిలో కాస్త అలసత్వం చూపిస్తుంది, కొంత బయటికి వదిలేస్తుంది. అంటే ఇక్కడ నాళాన్ని పాడుచేస్తున్నది ఏ ప్రత్యేక ఆయుధమూ కాదు. గోడ మరమ్మత్తు చేసుకునే రోజువారీ జన్యువులు. వాటిని విషపు జన్యువుల జాబితాలో వేస్తారా? వేస్తే బ్యాక్టీరియా లోకమంతా ఆ జాబితాలోకి వస్తుంది. వేయకపోతే స్త్రీకి జరిగిన నష్టానికి లెక్క లేకుండా పోతుంది. జాబితా అనే ఆలోచనే ఇక్కడ కూలిపోతుందని నాకనిపిస్తుంది.

లైంగికంగా సోకే మరో క్రిమి క్లమీడియా దగ్గర నా వాదనకు ఇంతకంటే మంచి సాక్ష్యం ఉంది. ఒకే జాతికి చెందిన క్లమీడియా ట్రాకోమాటిస్‌లో కళ్లకు ట్రకోమా తెచ్చే రకాలున్నాయి, జననాంగాలకు సోకే రకాలున్నాయి. వీటి జీనోములు, అంటే మొత్తం డీఎన్ఏ, దాదాపు ఒకటే. ఉన్న కొద్ది తేడాల్లో ఒకటి, క్రిమి పెరగడానికి కావాల్సిన ట్రిప్టోఫాన్ అనే అమైనో ఆమ్లం తయారీకి సంబంధించింది. మన కణంలోకి క్లమీడియా దూరినప్పుడు శరీరం ఇంటర్‌ఫెరాన్ గామా అనే సంకేతం పంపుతుంది. దాంతో కణం తనలోని ట్రిప్టోఫాన్‌ను తానే ధ్వంసం చేసుకుని క్రిమిని పస్తు పెడుతుంది. కంటి రకాల్లో ఈ ట్రిప్టోఫాన్ తయారీ జన్యువులు చెడిపోయి ఉన్నాయి. జననాంగ రకాల్లో మాత్రం చెక్కుచెదరకుండా ఉన్నాయి. 2003 ప్రాంతంలో ఇది స్పష్టమైనప్పుడు, ఇదిగో జననాంగ వ్యాధి జన్యువు దొరికింది అనిపించడం సహజం.

కానీ ఆ జన్యువులు శూన్యంలోంచి ట్రిప్టోఫాన్ చేయలేవు. వాటికి ఇండోల్ అనే ముడిసరుకు కావాలి. క్లమీడియాకు దాన్ని చేసుకోవడం రాదు, మన శరీరానికీ రాదు. మరి ఎక్కడి నుంచి వస్తుంది? యోనిలో కాపాడే బ్యాక్టీరియా అయిన లాక్టోబాసిల్లస్ తగ్గి బీవీ వచ్చినప్పుడు పెరిగే కొన్ని బ్యాక్టీరియా, ముఖ్యంగా కొన్ని ప్రెవొటెల్లా రకాలు, ఇండోల్ చేస్తాయి. పక్కింటివాళ్లు సరుకు అందిస్తేనే ఇక్కడ పొయ్యి వెలుగుతుంది. అదే జన్యువు, అదే క్రిమి, అదే మోతాదు. ఒక స్త్రీలో శరీరం దాన్ని ఆకలితో అణచేస్తుంది, మరో స్త్రీలో అది తప్పించుకుంటుంది. తేడా క్లమీడియా డీఎన్ఏలో ఎంత వెతికినా దొరకదు. (ఎలుక కణాలు క్లమీడియాను అణచడానికి వాడేది ఈ దారి కాదు. కాబట్టి ఇక్కడా ఎలుక మనకు సగమే సాయం.)

క్లమీడియాకు చిన్న ప్లాస్మిడ్ (ప్రధాన డీఎన్ఏకు విడిగా ఉండే డీఎన్ఏ వలయం) ఒకటుంది, ఏడున్నర వేల అక్షరాలది. అది లేని రకాలు ఎలుకల్లో నాళాలను తక్కువగా పాడుచేస్తాయి. అక్కడ కూడా మచ్చ కట్టేది చాలావరకు మన రోగనిరోధక శక్తి చేసే గొడవ వల్లే. ఈ ప్లాస్మిడ్ గురించి ఒక పిట్టకథ చెప్పకుండా ఉండలేను. 2006లో స్వీడన్‌లోని హాలండ్ ప్రాంతంలో క్లమీడియా కేసులు అకస్మాత్తుగా తగ్గినట్టు కనిపించాయి. తీరా చూస్తే ప్లాస్మిడ్‌లో 377 అక్షరాల ముక్క ఊడిపోయిన కొత్త రకం తిరుగుతోంది. అప్పుడు వాడుతున్న కొన్ని పరీక్షలు వెతికేది సరిగ్గా ఆ ముక్కనే. జబ్బు ఉంది, రిపోర్టులో లేదు. జన్యువు మీద అతి నమ్మకం భయాన్నే కాదు, ధీమాను కూడా తప్పుగా ఇస్తుంది.

గర్భిణుల్లో ముఖ్యమైన గ్రూప్ బి స్ట్రెప్టోకాకస్ సంగతి కాస్త క్లుప్తంగా. ప్రపంచవ్యాప్తంగా గర్భిణుల్లో దాదాపు 18 శాతం మందిలో ఇది ఊరికే ఉంటుంది. ఎర్ర రక్తకణాలను పగలగొట్టే నారింజరంగు పదార్థం తయారుచేసే జన్యువులు దీని రకాల్లో మామూలే. వాటిని అదుపులో పెట్టే స్విచ్చు వేరే ఉంది. 2013లో వచ్చిన ఒక అధ్యయనంలో, నెలలు నిండకుండా నొప్పులు వచ్చిన కొందరు స్త్రీల ఉమ్మనీటి నుంచి తీసిన క్రిముల్లో ఆ స్విచ్చు చెడిపోయి కనిపించింది. విషం జన్యువు ఉందా అని అడిగితే చాలామందిలో ఉందనే జవాబు వస్తుంది. స్విచ్చు ఎలా ఉంది అని అడగాలి. అది అడిగే రిపోర్టు ఇప్పటిదాకా నా ఫోన్‌కి రాలేదు.

మంచి బ్యాక్టీరియా అని పేరున్నవాటిలోనూ ఈ గందరగోళం ఉంది. లాక్టోబాసిల్లస్ ఐనర్స్ గోడ మీద పిల్లి. ఆరోగ్యంగా ఉన్నవాళ్లలోనూ ఉంటుంది, బీవీ ఉన్నవాళ్లలోనూ ఉంటుంది. వజైనోలైసిన్ కుటుంబానికే చెందిన ఐనరోలైసిన్ అనే విషం జన్యువు దానికుంది. లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్‌కు అది లేదు. జన్యువుల పట్టిక చూస్తే ఐనర్స్ ఉన్న ప్రతి స్త్రీకీ ఎర్రగీత పడాలి. అలా వేస్తే ప్రపంచంలో ఏ ఇబ్బందీ లేని లక్షల మంది ఆ గీత కిందికి వస్తారు.

ఒకే జన్యువును నమ్ముకుంటే ఏమవుతుందో టీకాల చరిత్రలోనూ చూశాం. గొనోరియా క్రిమికి పైలస్ అనే పోగులు ఉంటాయి, వాటితోనే అంటుకుంటుంది. పోగులు లేని రకాలు సరిగా అంటుకోలేవు. కాబట్టి పోగు మీదే టీకా చేద్దామన్నారు. తర్కం బాగుంది. వేలమంది సైనిక వాలంటీర్లతో చేసిన ట్రయల్ ఫలితం 1991లో వచ్చింది. టీకా రక్షణ ఇవ్వలేదు. ఆ పోగు జన్యువుకు జీనోములోనే నిశ్శబ్ద ప్రతులు చాలా ఉన్నాయి. వాటి నుంచి ముక్కలు తెచ్చుకుని క్రిమి పోగు రూపాన్ని మారుస్తూ పోతుంది. తర్వాత కాస్తో కూస్తో రక్షణ కనిపించింది ఎక్కడంటే, మెనింజైటిస్ కోసం న్యూజిలాండ్‌లో వేసిన టీకాలో. 2017లో ప్రచురించిన లెక్కల్లో గొనోరియా మీద దాని ప్రభావం 31 శాతం. అది ఒక్క ప్రొటీన్ టీకా కాదు, బ్యాక్టీరియా పైపొర నుంచి తీసిన బుడగలు, అందులో ఎన్నో ప్రొటీన్లు. ఆ బాటలోనే ఇంగ్లండ్ 2025 ఆగస్టులో ఎక్కువ ప్రమాదం ఉన్నవాళ్లకు మెనింజైటిస్ టీకాను గొనోరియా కోసం వేయడం మొదలుపెట్టింది.

అయితే జన్యు పరీక్షలన్నీ దండగా అని అడిగేవాళ్లుంటారు. కాదు. మైకోప్లాస్మా జెనిటాలియం అనే అతిచిన్న క్రిమినే తీసుకోండి. దాని 23ఎస్ ఆర్‌ఎన్‌ఏ జన్యువులో ఒక్క అక్షరం మారితే అజిత్రోమైసిన్ అనే యాంటీబయాటిక్ పనిచేయదు. అది ముందే తెలిస్తే డాక్టర్ మందు మారుస్తారు. జన్యువు తెలిశాక చేసే పని మారుతోందంటే ఆ పరీక్షకు అర్థం ఉంది. వజైనోలైసిన్ ఉందని తెలిస్తే ఇవాళ ఏ మందు మారుతుంది? ఏదీ మారదు. ఉన్న లక్షణాలకు ఇచ్చే మందే ఇస్తారు, లక్షణాలు లేకపోతే సాధారణంగా ఏమీ ఇవ్వరు. మారేది ఆమె నిద్ర మాత్రమే.

ఇంకొకటి కూడా మారుతుంది, అది నాకు బొత్తిగా నచ్చదు. "చెడ్డ జన్యువున్న క్రిమి నీలో ఉంది" అనగానే ఆ చెడ్డతనం క్రిమి నుంచి ఆమె మీదికి జరుగుతుంది. శుభ్రంగా ఉండటం లేదేమో అని మొదట అనుమానించుకునేది ఆమే. లోపల ఎక్కువగా కడుక్కుంటుంది. దాంతో కాపాడే బ్యాక్టీరియా పోయి సమస్య పెరుగుతుంది. పైన చెప్పిన ఇండోల్ కథలో, ఎంజైముల కథలో, స్విచ్చు కథలో ఆమె శుభ్రత ఎక్కడైనా కనిపించిందా?

బీవీ తిరిగి తిరిగి రావడం మీద ఈమధ్య దొరికిన మంచి ఫలితాలు రెండూ ఏ ఒక్క జన్యువునూ గురిపెట్టినవి కావు. 2020లో 228 మంది స్త్రీలతో చేసిన ట్రయల్‌లో, మామూలు మందు తర్వాత లాక్టోబాసిల్లస్ క్రిస్పాటస్‌ను యోనిలో వాడినవాళ్లలో పన్నెండు వారాల్లోపు 30 శాతం మందికి బీవీ తిరిగొచ్చింది. వాడనివాళ్లలో 45 శాతం మందికి. 2025లో ఆస్ట్రేలియా నుంచి వచ్చిన ట్రయల్‌లో 164 జంటలున్నాయి. స్త్రీతో పాటు ఆమె భాగస్వామికి కూడా మాత్రలు, పూత మందు ఇస్తే తిరిగి రావడం 63 శాతం నుంచి 35 శాతానికి తగ్గింది. తేడా ఎంత స్పష్టంగా ఉందంటే ట్రయల్‌ను మధ్యలోనే ఆపేశారు. డెబ్బై ఏళ్లు స్త్రీ స్వాబ్‌లోనే నేరస్థుడిని వెతికాం. రెండో మనిషికి వైద్యం చేయాలని గట్టిగా నిరూపించడానికి ఇంతకాలం పట్టింది.

నాకు చూడాలని ఉన్న ప్రయోగం ఈ ట్రయల్స్ మీదే కట్టొచ్చు. జంటలిద్దరికీ వైద్యం చేసిన స్త్రీలలో, చేయనివాళ్లలో, వారం వారం స్వాబ్ తీసి సియాలిడేజ్ జన్యువులు ఉన్నాయా అని కాకుండా, అవి ఆ వారం ఎంత పనిచేశాయో కొలవాలి. పక్కనే ఇండోల్ ఎంతుందో, క్రిస్పాటస్ ఎంతుందో కూడా రాయాలి. జబ్బు తిరిగి రావడానికి ముందు వారంలో ఏది మొదట కదిలిందో అప్పుడు తెలుస్తుంది. అది తెలిసిన రోజు నా ఫోన్‌కి వచ్చే రిపోర్టులను ఇంకోలా చదువుతాను. అప్పటిదాకా "డేంజరా?" అన్నవాళ్లకు నేను అడిగేవి ఇవే: దురద, మంట, వాసన, కడుపులో నొప్పి ఏమైనా ఉన్నాయా? గర్భం ఉందా? క్లమీడియా, గొనోరియా పరీక్ష చేయించుకున్నావా? మీ ఆయన చేయించుకున్నాడా?